జాడీ ప్రయోగాన్ని నేను ఓడించిన రోజు

సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబుల్లో చేరబోతున్న పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. ఇంటర్వ్యూలో ఏమడుగుతారు, ఏ పుస్తకం చదవాలి అని వాళ్ల ప్రశ్నలు. పిల్లలూ, వాటికి మీ సీనియర్లు జవాబులు చెబుతారు. నేను చెప్పదలచుకున్నది ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసులో నేను చేసిన అతి పెద్ద తప్పు గురించి. దాన్ని బ్యాలెన్సు దగ్గర చేయలేదు, ఫర్నేసు దగ్గర చేయలేదు. గురజాలలో మైకు ముందు చేశాను. రెండు వందల మంది చప్పట్లు కొట్టారు.

పని ఏమిటంటే

మాచర్ల, గురజాల మధ్య ఒక సిమెంటు ఫ్యాక్టరీలో నేను కెమిస్టుని. చివరి తొమ్మిదేళ్లు ల్యాబ్ బాధ్యత నాదే. సున్నపురాయి పొడిని ఒక గ్రాము తూచి, క్రూసిబుల్ అనే చిన్న పింగాణీ గిన్నె‌లో వేసి, తొమ్మిది వందల యాభై డిగ్రీల ఫర్నేసులో పెట్టడం, చల్లారాక మళ్లీ తూచడం షిఫ్టుకోసారి తప్పదు. మంచి రాయి అయితే గ్రాములో నాలుగు పదో వంతులకు పైగా మాయమవుతుంది. ఆ పోయిందంతా కార్బన్ డయాక్సైడ్. కోట్ల ఏళ్ల కిందట రాయిలో చిక్కుకున్న వాయువును మనం కాల్చి వదిలేస్తాం. దాని మీద బొగ్గు పొగ అదనం.

ఆ వాయువు పేరు నాకు తెలుసు, బరువు తెలుసు. చిమ్నీ దాటాక అదేం చేస్తుందో మాత్రం ఎప్పుడూ అడగలేదు. చిమ్నీ దాటితే మా డ్యూటీ అయిపోయినట్టే. ఎవరైనా అడిగితే మాత్రం, ఏమీ చేయదని గట్టిగా చెప్పేవాణ్ని.

గట్టిగా చెప్పడం నాకు అలవాటు. నరసరావుపేటలో డిగ్రీ చదివే రోజుల్లోనే హేతువాద సంఘంలో చేరాను. చేతిలోంచి విబూది రాల్చేవాళ్ల ఎదుటే విబూది రాల్చాను. నిప్పుల మీద నడిచి చూపించి, అందులో మహిమ లేదని చెప్పాను. ఊరూరా సవాళ్లు విసిరాను. పల్నాడులో నన్ను చూసి ముహూర్తం మార్చుకున్న స్వాములున్నారు.

మా సంఘానికి ఒక నియమం ఉంది. ప్రతి నెలా రెండో ఆదివారం సభ. సభ మొదలుకాగానే, అంతకుముందు చెప్పిన మాట తప్పని తేలినవాళ్లు లేచి, సొంత నోటితో ఆ మాట చెప్పాలి. కార్యదర్శి మస్తానయ్య మాస్టారు దాన్ని నోటుపుస్తకంలో రాస్తారు, చెప్పినవాళ్లు కింద సంతకం పెట్టాలి. దానికి ఒప్పుకోలు అని పేరు. ఓడినవాడిని ఎవరూ ఎగతాళి చేయకూడదు. ఆ పుస్తకంలో నేను పెట్టించిన సంతకాలు చాలా ఉన్నాయి. నాది ఒక్కటీ లేదు. అందుకు గర్వపడేవాణ్ని. గర్వపడాల్సింది కాదు, అనుమానపడాల్సింది.

భూమి వేడెక్కుతోంది, కారణం మనిషే అన్న మాట నా చెవిన పడ్డప్పుడు నాకు స్వాముల గొంతే వినిపించింది. పాపం పెరిగింది, ప్రళయం వస్తుంది, పశ్చాత్తాపపడండి. ఇంగ్లీషులో చెప్పినా ఇదీ ఆ బాపతే అనుకున్నాను. గాలిలో పదివేల పాళ్లకు నాలుగు పాళ్లున్న వాయువు లోకాన్ని ఉడికిస్తుందా? చెట్లు తినేది అదే కదా? నీటి ఆవిరి దానికంటే ఎక్కువ లేదా? పాత మంచుపొరల్లో చూస్తే ముందు వేడి పెరిగి, తర్వాత కదా ఈ వాయువు పెరిగింది? ఇవన్నీ క్యాంటీన్‌లో టీ తాగుతూ చెప్పేవాణ్ని. ఎదురు చెప్పేవాళ్లు లేరు. సిమెంటు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఆ మాటకు ఎదురెవరు చెబుతారు?

గురజాల సభ

ఎదురు చెప్పింది నాగమణి. అచ్చంపేట పక్క పల్లెటూరి పిల్ల. ఎమ్మెస్సీ చేసి మా ల్యాబ్‌లో ప్రొబేషన్ మీద చేరింది. అప్పటికి పదకొండు నెలలు. చెయ్యి కుదురు, తూకంలో తప్పు రాదు. ఒకరోజు టీ గ్లాసు బల్ల మీద పెట్టి, "సార్, ఇక్కడ చెప్పేది సభలో చెప్పండి. నేను జవాబిస్తా" అంది.

మే నెల సభ గురజాల లైబ్రరీ మేడ మీద పెట్టారు. ముందు వరసలో మా జనరల్ మేనేజర్ కూర్చున్నాడు. ఆయన హేతువాది కాదు. సున్నపురాయిని కాల్చే పెద్ద కొలిమిని కిల్న్ అంటాం. రెండో కిల్న్‌కు ప్రజాభిప్రాయ సేకరణ, అదే హియరింగు, దగ్గరపడింది. "సాంబయ్య గారూ, మీరు గట్టిగా మాట్లాడండి, మన ఊళ్లో మన మనిషి మాట కదా" అని ముందురోజే చెప్పాడు. ఆ మాటలో ఏముందో నాకు అర్థం కాలేదని బుకాయించను. అర్థమైంది. నేను అనుకున్నదే చెబుతున్నాను కదా, ఆయన వింటే నాకేం అనుకున్నాను.

క్యాంటీన్ వాదాలన్నీ నేను చెప్పాక, నాగమణి మాట్లాడుతుంటే కోటయ్య అనే రైతు వెనక నుంచి లేచాడు. "అమ్మాయ్, రెంటచింతలలో ఎండ మా తాతల నాడూ ఉంది. అప్పుడు మీ ఫ్యాక్టరీ ఏడుంది?"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. "ఎండ ఉంది పెదనాన్నా, ఎవరు లేదన్నారు? మీ తాత ఆరుబయట మంచమేసుకుంటే తెల్లారుజామున దుప్పటి లాక్కునేవాడా లేదా?"

"లాక్కునేవాడు."

"ఇప్పుడు నువ్వు లాక్కుంటున్నావా?"

"దుప్పటి ఏంది, చొక్కా కూడా ఉంచుకోలేకపోతున్నా."

"సూర్యుడు ముదిరితే ముందు పగటి వేడి పెరగాలి. ఈ వాయువు భూమికి కప్పిన దుప్పటి మందమైతే రాత్రి చల్లారదు. రాత్రి వేడే ఎక్కువ పెరుగుతోంది పెదనాన్నా."

కోటయ్య తల గోక్కుంటూ కూర్చున్నాడు. అక్కడ ఆపి ఉంటే ఆ రోజు ఆమెదే. కానీ సంచిలోంచి రెండు గాజు జాడీలు తీసింది. ఒకదాంట్లో మామూలు గాలి, రెండోదాంట్లో కార్బన్ డయాక్సైడ్. రెండింటిలో థర్మామీటర్లు, మధ్యలో పెద్ద బల్బు. పావుగంటకు రెండోది రెండు డిగ్రీలు ఎక్కువ చూపించింది. జనం చప్పట్లు కొట్టారు.

నేను దీని కోసమే కాచుకుని ఉన్నాను. ఆమె ల్యాబ్‌లో జాడీలు కడుగుతుంటే ముందే చూశాను. మా వెల్డింగు షెడ్డులోంచి చిన్న ఆర్గాన్ వాయువు సిలిండరు తెచ్చిపెట్టుకున్నాను. మూడో జాడీలో ఆర్గాన్ నింపి అదే బల్బు ముందు పెట్టాను. పావుగంట. అదీ రెండు డిగ్రీలు ఎక్కింది.

"అయ్యా, ఆర్గాన్ వల్ల భూమి వేడెక్కుతుందని ప్రపంచంలో ఏ శాస్త్రవేత్తా అనలేదు. ఈ అమ్మాయి లెక్కన మాచర్ల వెల్డింగు షాపులన్నీ మూయించాలి!"

మేడ దద్దరిల్లింది. జనరల్ మేనేజర్ తొడ చరుచుకున్నాడు. నాగమణి మూడో థర్మామీటరు దగ్గర వంగి చూస్తూ ఉండిపోయింది. తర్వాత మైకు తీసుకుంది. "ఇది ఎందుకు ఎక్కిందో నాకు తెలియదు" అని చెప్పి మైకు పెట్టేసింది.

ఎందుకు ఎక్కిందో నాకు తెలుసు. బరువైన వాయువు జాడీలోంచి తొందరగా కదలదు, వేడి అక్కడే నిలిచిపోతుంది. ఆ జాడీ ప్రయోగం బడిపిల్లలకు అందరూ చూపించేదే, కానీ అది తప్పుడు ప్రయోగం. దాన్ని కొట్టేయడం న్యాయమే. నేను చేసిన అన్యాయం ఆ తర్వాతి వాక్యంలో ఉంది. "నిరూపణ పోయింది కాబట్టి విషయమూ పోయింది" అన్నాను. ఈ వాక్యం ఎవరి నోట వచ్చినా, నా నోట వచ్చినా, అక్కడే పట్టుకోండి. చెడ్డ సాక్షి అబద్ధం చెప్పాడని తేలితే సాక్షి పోతాడు. జరిగింది జరగకుండా పోదు.

సోమవారం

మర్నాడు పొద్దున గ్యాస్ అనలైజర్‌ను సరిచూడాలి. కిల్న్ నుంచి వచ్చే పొగలో ఏ వాయువు ఎంత ఉందో చెప్పే యంత్రం అది. ఒక గొట్టం, ఒక చివర కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కిరణం, రెండో చివర దాన్ని పట్టుకునే కన్ను. మధ్యలో వాయువు ఎంత కిరణాన్ని మింగితే అంత రీడింగు. ముందు నైట్రోజన్ వదిలి సున్నా చూస్తాం. తర్వాత పాళ్లు తెలిసిన కార్బన్ డయాక్సైడ్ వదిలి సరిచేస్తాం. పద్దెనిమిదేళ్లుగా ప్రతి సోమవారం నేనే చేశాను, ఇంకొకర్ని ముట్టుకోనిచ్చేవాణ్ని కాదు.

నాగమణి రీడింగులు రాసుకోవడానికి నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. నైట్రోజన్ వదిలాను. సున్నా.

"సున్నా ఎందుకు సార్?" అంది.

"కిరణాన్ని మింగదు కాబట్టి. తెలియదా?"

"ఆర్గాన్ పెడితే?"

"అదీ సున్నాయే."

"ఆక్సిజన్?"

"అదీ అంతే."

"ఇప్పుడు రెండో సిలిండరు తిప్పండి సార్."

నా చెయ్యి వాల్వు మీదే ఉంది. తిప్పలేదు. తిప్పితే ఏం చూపిస్తుందో పద్దెనిమిదేళ్లుగా చూస్తూనే ఉన్నాను.

"రాత్రిపూట నేల వదిలే వేడి ఈ కిరణాల జాతే కదా సార్. నిన్న జాడీలు తేవడం నా తప్పే. దీన్ని తేవాల్సింది. మోయలేనని తేలేదు."

"అయినా ఉన్నది నాలుగు పాళ్లే కదమ్మా, పదివేలలో."

"మిగతావన్నీ సున్నా చూపిస్తున్నప్పుడు ఉన్న ఆ నాలుగే లెక్క. పోయిన నెల కార్బన్ మోనాక్సైడ్ వందకు ఒక పాలు కూడా చేరకముందే మీరు కిల్న్ ఆపించారు. ధూళి పట్టే యంత్రం పేలిపోద్దని. ప్రొడక్షనోళ్లు ‘చానా కొంచెమే గదా’ అంటే మీరేమన్నారు?"

ఏమన్నానో నాకు గుర్తే. ‘కొంచెమా ఎక్కువా అని నువ్వు చెప్పకు, అది ఏం చేస్తుందో చూడు’ అన్నాను.

తర్వాతి రెండు వారాలు చదివాను. ముందు నన్ను నేను గెలిపించుకోవడానికే చదివాను, దాచను. చెట్లు తినేది నిజమే, కానీ మనం వదిలేదంతా తినలేకపోతున్నాయి. నీటి ఆవిరి ఎక్కువే, కానీ గాలి వేడెక్కితేనే అది పెరుగుతుంది, చల్లబడితే వానై రాలిపోతుంది. మొదలుపెట్టేది అది కాదు. మంచుపొరల్లో వేడి ముందు మొదలైన మాట నిజం. భూమి తిరిగే తీరు మారి వేడి మొదలైంది, సముద్రం వదిలిన వాయువు దాన్ని పెంచింది. ఈసారి ముందు పెరిగింది వాయువే. అది మనదేనని ఎలా తెలుసు? బొగ్గులోని కార్బన్ చాలా పాతది, దాంట్లో ఒక రకం పరమాణువులు కాలక్రమాన అంతరించిపోయాయి. గాలిలో ఆ పాత కార్బన్ వాటా పెరుగుతోంది. మన రాయిలోదీ అలాంటి పాతదే. మిగిలిన అసలైన వాదం ఒకటుంది: ఇంకా ఎంత వేడెక్కుతుంది, ఎంత తొందరగా, మేఘాలు ఏం చేస్తాయి. దాని మీద శాస్త్రవేత్తలు నిజంగానే తగువు పడుతున్నారు. నేను గురజాలలో చేసింది ఆ వాదం కాదు.

జనరల్ మేనేజర్ బల్ల ముందు

జూన్ సభ ఇంకో నాలుగు రోజులుందనగా ఆయన పిలిచాడు. "ఆ రోజు అదరగొట్టారండీ. హియరింగులో కూడా మీరే మాట్లాడాలి."

"మాట్లాడలేనండి. నేను చెప్పింది తప్పు. ఆదివారం ఒప్పుకోలు చెబుతున్నాను."

నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి తలుపు వేయించి, ఏంటో చెప్పమన్నాడు. అనలైజర్ సంగతి చెప్పాను. ఆయన ఇంజనీరు. నాకు రెండు వారాలు పట్టింది ఆయనకు రెండు నిమిషాల్లో అర్థమైంది. నాకు భయం వేసింది అప్పుడే. అర్థం కానివాడితో వాదించవచ్చు.

"సరే. మీకు తెలుసు, నాకు తెలుసు. సభలో ఎందుకు?"

"మా నియమం."

డ్రాయరు లాగి ఒక ఫారం తీశాడు. నాగమణి ప్రొబేషన్ ఫారం. "ఈ అమ్మాయి గడువు వచ్చే మంగళవారంతో సరి. మీరు నోరు మెదపకపోతే సంతకం పెడతాను. మెదిపితే, మిమ్మల్ని నేనేం చేస్తాను? ఏడాదిలో రిటైరవుతారు, మీ వెనక యూనియన్ ఉంది. ఆమెకు ఎవరున్నారు?"

కోపం రాలేదు ఆయనకు, గొంతు పెంచలేదు. అధికారుల్లో అరిచేవాళ్ల వల్ల మీకు పెద్ద ప్రమాదం లేదు పిల్లలూ. ఎవరి మీద కాలు పెడితే ఎవరి నోరు మూతపడుతుందో లెక్కగట్టగలిగిన వాళ్లను చూసుకోండి. ఫారం తీసుకుని, ఖాయం చేయవలసిందిగా సిఫార్సు అని రాసి ఇచ్చాను. ఆయన తన సంతకం చోటు ఖాళీగా ఉంచి, డ్రాయరులో పెట్టుకున్నాడు.

సాయంత్రం కంపెనీ బస్సు దగ్గర నాగమణికి అంతా చెప్పాను. "నువ్వెట్లా అంటే అట్లా" అన్నాను. అలా అనడం మర్యాద అనుకున్నాను.

ఆమె మొహం ఎర్రబడింది. "ఏంది సార్ ఇది? మీ తప్పు ఒప్పుకోడానికి నా పర్మిషనా? ఆదివారం చెప్పకపోతే ‘దాని ఉద్యోగం కోసం ఊరుకున్నా’ అంటారు. చెబితే ‘అది చెప్పమంది’ అంటారు. రెండిట్లో మీ చేతికి మట్టంటదు."

బస్సు హారన్ కొట్టింది.

"నాకు ఉద్యోగం కావాలి సార్. చెల్లి నర్సింగు రెండో సంవత్సరం. నాన్న పొలం పనికి లేవలేడు. ఇది కూడా నిజమే, మీ పుస్తకంలో రాసుకోండి" అని ఎక్కేసింది.

మిగిలిన మూడు రోజులూ ల్యాబ్‌లో ఆమె తూకాలు వేసింది, నేను లెక్కలు రాసుకున్నాను.

ఒప్పుకోలు

ఆదివారం మేడ మీద ఈసారి నూరు మంది కూడా లేరు. ఉద్యోగుల వ్యవహారాలు చూసే మా పర్సనెల్ ఆఫీసరు గోడవారగా నిలబడి ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. మస్తానయ్య మాస్టారు నోటుపుస్తకం తెరిచారు. "ఒప్పుకోలు ఉన్నవాళ్లు లేవండి."

నేను లేవలేదు. లేవను అని నిర్ణయించుకోలేదు, లేస్తాను అనీ కాదు. నాగమణి లేచింది.

"పోయిన నెల నేను చూపించిన జాడీ ప్రయోగం తప్పు. ఆర్గాన్‌తో సాంబయ్య సార్ చూపించింది నిజం. సరిగా తెలుసుకోకుండా తెచ్చాను."

పర్సనెల్ ఆఫీసరు ఫోన్ ఇంకాస్త ముందుకు పెట్టాడు. జనం చప్పట్లు మొదలుపెట్టారు.

"ఉండండి, అయిపోలా" అంది ఆమె. "తప్పు జాడీది. నేను చెప్పిన విషయం తప్పు కాదు. దాని రుజువు మా ఫ్యాక్టరీలోనే ఉంది, సార్‌కి తెలుసు." వచ్చి సంతకం పెట్టింది. ఆ ఫోన్ వైపు చూస్తూనే పెట్టింది.

అప్పుడు లేచాను. ఆమె తన ఉద్యోగం మాట తానే తేల్చుకున్నాక, నాకు దాక్కోవడానికి ఇంకే చాటూ మిగల్లేదు కాబట్టి లేచాను. దీన్ని ధైర్యం అని మీరు అనుకోవద్దు. నేను చెప్పిన నాలుగు వాదాలూ ఒక్కొక్కటీ చెప్పి, ఎందుకు తప్పో చెప్పాను. కోటయ్య లేచి, "అయితే ఆ రోజు మమ్మల్ని నవ్విచ్చిందంతా ఏంది సాంబయ్యన్నా?" అన్నాడు. "నవ్వించడమే కోటయ్యా, ఇంకేం లేదు" అన్నాను. మాస్టారు పుస్తకం నా వైపు తిప్పారు. ఆమె సంతకం కింద నాది.

తర్వాత

మంగళవారం ఆమెను ఖాయం చేయలేదని కాగితం వచ్చింది. నా సిఫార్సు కింద ‘అంగీకరించలేదు’ అన్న ఒక్క మాట. యూనియన్ వాళ్లు ప్రొబేషన్ కేసు తమది కాదన్నారు. హియరింగులో నన్ను మాట్లాడనివ్వలేదు. రెండో కిల్న్ వచ్చింది, ఇప్పటికీ నడుస్తోంది. ఎనిమిది నెలల తర్వాత గుంటూరులో ఒక నీళ్ల పరీక్షల ల్యాబ్‌లో ఆమెకు పని దొరికింది. ఇక్కడికంటే జీతం తక్కువ. చెల్లెలు ఒక సంవత్సరం చదువు ఆపి, మళ్లీ చేరింది.

ఆ మధ్యలో ఒకసారి, అనుభవ ధ్రువపత్రం ఇవ్వడానికి వాళ్ల ఊరు వెళ్లాను. వాళ్లమ్మ వరండాలో మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఆ ఘాటుకు నాకు వరసగా నాలుగు తుమ్ములొచ్చాయి. "లోనికి రా అన్నా, అలవాటు లేనోళ్లకు అట్టానే ఉంటది" అంది. నాగమణి మంచినీళ్లు తెచ్చి, కాగితం చదువుకుని, "తేదీ తప్పు పడింది సార్. ఒక రోజు తక్కువ రాశారు" అని తిరిగి ఇచ్చింది. సరి చేసి పంపుతానన్నాను.

లేవబోతుంటే వాళ్లమ్మ చేతులు దులుపుకుని నా వైపు తిరిగింది.

"అన్నా, నాకు చదువు లేదు, అడుగుతున్నా. మా పిల్ల చెప్పిందే నిజమని నువ్వే అందరి ముందు ఒప్పుకున్నావంట గదా?"

"అవునమ్మా."

"తప్పు చెప్పింది నువ్వేనంట గదా?"

"నేనే."

"మరి ఇంట్లో కూర్చున్నది మా పిల్లేంది?"

నాగమణి "అమ్మా" అని గదమాయించింది. నేను మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, బస్సు ఎక్కాను. మర్నాడు పొద్దున ఆరింటికి షిఫ్టుకు వెళ్లాను.